ఆరినంకనే

మట్టెవాడ గల్లీల మా బైండింగు దుకాణం,
బోర్డు కంటే ముందు ముక్కుకే దొరుకుతది.
స్టవ్వు మీద మైదా లై కుతకుతమంటది,
పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తం.
ఇంకింత ఎయ్యబోతే గరిటె గుంజుకునేది ఓదెమ్మ,
"చాలు. కాయితానికేమన్న పెండ్లా?"

కాయితానికి లై.
అట్టకు సరేసు: రాత్రంత నానేసి
నీళ్ల గిన్నెల గిన్నె పెట్టి కరిగియ్యాలె,
ఉడికిన బొక్కల వాసన, సల్లారితే రాయి.
క్యాలికో గుడ్డకు ఫెవికాల్.
రెగ్జిన్‌కు పసుపుపచ్చ సొల్యూషన్,
రెండు దిక్కులా పూసి
వేలికంటనంత దాక ఆగాలె.

నేనాగలే.
తడి మీదనే ఒత్తిన. తెల్లారేసరికి
రెగ్జిన్ పూరీ లెక్క పొంగింది.
"తడి మీద అన్నీ అంటినట్టే కొడ్తయి పిల్లా,
దీనిది ఆరినంకనే పట్టు."

పక్క డబ్బాల పంక్చర్ల సర్వర్
ట్యూబును గీకుడు ఆపకుండనే అందుకునేటోడు,
"నున్నగుంటే ఏ బంకా నమ్మదు."

ఓదెమ్మ పుట్టింది నిర్మల్‌ల.
వాళ్ల వాడకట్టుల పొనికి కట్టె చిలుకలకు
చింతగింజల అంబలితోని ముక్కులంటించేటోళ్లట,
ఒక్క ముక్కూ ఊడలేదట.
ఆ మాట మాత్రం నేన్నమ్మ.

మొన్న రేషన్ దుకాణంల
మిషిను ఆమె వేలు పట్టలే.
బొటనవేలు, చూపుడువేలు, కుడిది, ఎడమది,
కొంగుకు తుడిచి మళ్లొకసారి.
ముప్పై ఏండ్లు లైల ముంచి
మడతల మీద రుద్ది రుద్ది
గీతలు అరిగినయట.
"నువ్వు నువ్వు కాదంటున్నదమ్మా" అన్నడు డీలరు,
నవ్వకుండనే.

ఖాళీ సంచి మడిచి పీట కింద పెట్టి
పనిల కూసున్నది.
ఆ రోజు బైండింగుకొచ్చినయి
సివిల్ సప్లయిస్ రిజిస్టర్లే.

పొద్దుగూకినంక
బొటనవేలి మీద ఎండిన ఫెవికాల్
గోటితోని మెల్లగ ఒలిచింది.
ఉల్లిపొరంత పల్సగ వచ్చింది.
ట్యూబ్‌లైటు కింద ఎత్తి పట్టింది.
సుడి తిరిగిన గీతలు,
సన్నగ, అక్కడక్కడ తెగి,
అయినా ఉన్నయి.
"సూడు" అన్నది నాతోని. అంతే.
ఉండ చేసి బయటికి ఇసిరేసింది.

ఆఖరి రిజిస్టరుకు
లోపలి అట్టకు మార్బుల్ కాయితం వేసేముందు
సరేసు ఇంక వెచ్చగున్నప్పుడు
ఒక మూలకు బొటనవేలు ఒత్తి పట్టుకున్నది,
లోపల లెక్క పెట్టుకుంటున్నట్టు
పెదవులు కదిలినయి.
మీద కాయితం పరిచి, బొక్కపలకతోని సాపు చేసి,
ప్రెస్సుల బిగించింది.

సోమారం ఆఫీసోళ్లు వచ్చి పట్టుకపోయిన్రు.

బియ్యం సంగతి ఇంక తేలలే.