ధర్మపురిల ఆదివారం

రెండు కుటుంబాలం, ఒక్క తవేరా.
హన్మకొండల తెల్లారకముందే ఎక్కినం.
సర్వపిండి డబ్బా నా ఒళ్ళె,
ఓదెలు మందుల సంచి మల్లీశ్వరి ఒళ్ళె.
హుజూరాబాద్ దాటకముందే
అంత్యాక్షరి మధ్యలనే పిల్లలు నిద్రపోయిండ్రు.

గోదారి మోకాలిలోతే.
ఓదెలు మునగలే.
దోసిట్ల నీళ్ళు తీసుకొని
ఛాతీ మీది కుట్ల గీతను తడుపుకున్నడు
లోపలెవరో పండుకున్నట్టు, మెల్లగ.

నర్సింహస్వామి దర్శనమైంది.
పక్కనే యముని గుడి.
ఎవ్వరం ముందుకు కదల్లే.
ఇరవై ఏండ్లు బీమా పాలసీలు అమ్మినోడు
ఓదెలే ముందు నవ్విండు:
"ఈయన పేరు చెప్పుకొనే గద బతికిన!"

గండదీపంల నూనె పోసిండు.
సీస ఖాళీ అయినంక గూడ
చెయ్యి వంచే ఉంచిండు.

"ఆదివారం గూడ ఈయనకు డ్యూటీయేనా?"
మా రిషిత అడిగింది.
మల్లీశ్వరి కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.
నవ్వో, ఏడుపో
నేను అటు చూడలే.

తిరుగుదారిల జగిత్యాల చాయ్ కొట్టుకాడ
చక్కెర లేని గ్లాసు ఊదుకుంట
"వచ్చే ఏడు కాళేశ్వరం" అన్నడు.
ఎవ్వరం అవుననలే, కాదనలే.
డబ్బాల మిగిలిన ఒక్క సర్వపిండి
ఎనిమిది ముక్కలైంది.