రెండు తెడ్లు

పండగ రేపనగా
పెద జలారిపేట గుడి వసారాలో
రెండు తెడ్లు ముందేసుకు కూర్చున్నాడు గరికిన ఎల్లాజీ.
"ఇంటూ గుర్తులా కట్టాలి" అన్నాను.
"లెక్క తప్పితే మేస్టారు కొట్టేదా?"
అదే. అంద్రెయ సిలువ అలాగే ఉంటుంది.

నవంబరు ఆఖరు.
వాయుగుండం ఒంగోలు వైపు పోయిందన్నారు గానీ
సముద్రం ఇంకా నమ్మలేదు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
తడుస్తూనే తిరుగుతోంది.

నేను ఉపదేశిని. చదివింది చెప్పడం నా పని.
చెప్పాను:
పిలుపు ముందు విన్నది అంద్రెయే.
వెళ్లి పేతురును పిలుచుకొచ్చిందీ అతనే.
ఆ తర్వాత జీవితమంతా
పేతురు తమ్ముడనే అనిపించుకున్నాడు.
ఐదువేల మంది ఆకలి ముందుకి
ఒక కుర్రాణ్ణి చూపించి
'ఐదు రొట్టెలు, రెండు చిన్న చేపలు,
ఇంతమందికి ఏ మూలకి' అన్నాడు.

గుమ్మంలో గంప దించుకున్న మసేనమ్మ
"ఏం చేపలు?" అంది.
రాయలేదన్నాను.
"నెత్తళ్లయ్యుంటాయి. సందువలైతే రాసీవోరు."

మిగతాదంతా గ్రంథంలో లేదు,
నోళ్లలో నానుతూ వచ్చింది:
నల్ల సముద్రం అంచుల్లో తిరిగాడనీ,
పత్రాస్ అనే రేవులో
అధికారి భార్య అతని మాట విన్నదనీ,
అధికారికి అది గిట్టలేదనీ,
మేకులు కొడితే త్వరగా పోతాడని
తాళ్లతో కట్టించాడనీ.
రెండు రోజులు వేలాడుతూ మాట్లాడాడట.
ఇరవై వేల మంది విన్నారట.
విప్పుతామంటే వద్దన్నాడట,
ముడి మీద పడ్డ చేతులు మొద్దుబారాయట.

ఎల్లాజీ చేతిలో తాడు ఆగింది.
"ఏం ముడి?"
అదీ రాయలేదు.
"రేవోడే కట్టుంటాడు. సిపాయికి ముడేటి తెలుసు?
తడిసిన ముడి రెండోరోజుకి రాయైపోద్ది, ఉపదేసి గారూ.
చేతులు మొద్దుబారడం దేవుడి పని కాదు,
తాడు పని."

వాన కొంచెం జోరైంది.

అతనికి పదకొండేళ్లప్పుడు నావ బోర్లాపడింది.
చిన్నాన్న ఎర్రయ్య వాణ్ణి పట్టెకి కట్టి
తనను వాడికి కట్టుకున్నాడు.
"రెండు రాత్రులు మాటాడతానే ఉన్నాడు,
నాను నిద్దరోతే పోతానని."

ఏం చెప్పాడన్నాను.
ఉపదేశిని కదా,
వాక్యం లాంటిదేదో వస్తుందనుకున్నాను.

"ఎవుడికెంత బాకీయో చెప్పాడు.
చిరిగిన వలకి కన్ను ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో చెప్పాడు.
చిన్నమ్మకి కోపమొస్తే ఏ పేరు పెట్టి పిలవాలో చెప్పాడు,
నవ్వొద్దన్నాడు.
భీమిలి దీపం అగుపడతందని నాలుగుసార్లు చెప్పాడు.
అగుపళ్లేదు."

మూడో పొద్దున ఎవరో నావ మీద వచ్చారు.
ముడి రాలేదు. కత్తి పెట్టారు.
"ముందు నన్ను కోశారు.
ఆడికి కొయ్యడానికి
మరి తొందర లేకపోయింది."

మసేనమ్మ తడి గంపని
సర్దిందే సర్దుతోంది.
ఆమెకా పేరు తెలుసు.

గట్టిగా కట్టు, ఊరేగింపులో జారిపోతుందన్నాను.
వినలేదు.
కొస లాగితే ఊడివచ్చేలా
జారుముడి వేశాడు.
"ఎవురైనా విప్పుదామనుకుంటే?" అన్నాడు
తాడుతో మాట్లాడుతున్నట్టు.

మర్నాడు పిల్లలు తెడ్లు మోశారు.
పూలదండ బరువుకి సిలువ ఓ పక్కకి ఒరిగింది,
జారలేదు.
మాట్లాడే వంతు వచ్చినప్పుడు
ఇరవై వేల మందిని వదిలేశాను.
ఒక్క కుర్రాడి సంగతే చెప్పాను.
చేపల కుర్రాడనుకున్నారు అందరూ.

చీకటి పడ్డాక చోడిపల్లి దానయ్య వచ్చాడు.
"నా తెడ్లు. తెల్లారితే ఏట."
ఎల్లాజీ కొస లాగాడు.
కర్ర మీద తాడు ఒత్తిన గీత,
దాన్ని బొటనవేలితో రుద్ది చూసి
ఇచ్చేశాడు.
దండలో మిగిలిన బంతిపువ్వొకటి
తెడ్డు రెక్కకి అంటుకుని
ఇసకలో కొంతదూరం పోయింది.