మోచేతి చోటు

బోరోస్ ఊళ్లో నవంబరు పొద్దు
మూడున్నరకే కళ్లు మూసుకుంటుంది.
ప్రయోగశాలలో యంత్రానికి మాత్రం
పొద్దూ లేదు, మాపూ లేదు.
ఉన్ని గుడ్డ చుట్టుకున్న దాని చిన్న తల
కారు లోపలి పూత ముక్క మీద తిరుగుతూనే ఉంటుంది
తిరగలిలా.
కాకపోతే ఇక్కడ పిండి రాలితే ఓడినట్టు.

నలభై వేల రుద్దుళ్లు, అని రాసుకుంటుంది ఆల్ఫ్‌హిల్డ్.
పదేళ్ల మోచేతికి
ఒక్క స్వీడన్ రాత్రి చాలు.

బల్ల మీద సీసాలో చెమట.
ఎవరూ కష్టపడకుండా కలిపిన చెమట:
ఉప్పు, పాల పులుపు, కొలిచి వేసిన చుక్కలు.
దాని పక్కన ఎండ క్రీము,
రంగు వదిలే కొత్త జీన్స్ ముక్క,
పసివాడి చేతిలోంచి జారినట్టు చాక్లెట్టు.
ఓవెన్‌లో మూత బిగించిన గాజు జాడీ.
దాన్ని తెరిచి వాసన చూసే రోజు
ఆమె పొద్దుటి కాఫీ మానేస్తుంది.
ఆ ఊళ్లో అది ఉపవాసం కన్నా ఎక్కువ.

కొత్త కారు వాసనని మనం మురిసిపోయేది
పూతలోంచి ద్రావకాలు పారిపోతున్న వాసన.
ఇప్పటి పూత నీళ్లలో కలిసి వస్తుంది,
అందులో సగం ఆముదం.
ఏ చెట్టూ లేని చోట కదా ఆముదం చెట్టు మహావృక్షం!
ఇక్కడ కిటికీ అవతల
స్ప్రూస్ చెట్లు వరసలు కట్టి ఉన్నాయి,
అయినా చేతి కింద మెత్తదనం
ఎక్కడో ఎండలో పగిలిన గింజదే.

పెట్రోలు ఇంజను బతికినన్నాళ్లూ
ఇంటిపెద్ద గురక చాటున పిల్లల గుసగుసల్లా
కారులోని చిన్న చప్పుళ్లన్నీ దాగి ఉండేవి.
గురక ఆగింది.
ఇప్పుడు సీటు కదిలితే కిర్రు,
తలుపు ఒరుసుకుంటే కీచు.
వాటికి మౌనం నేర్పే పొర
వెంట్రుక కన్నా పలచన.

గురువారం ఒక పెట్టె వచ్చింది.
గోటెన్‌బర్గ్ టాక్సీ తలుపుకు ఉండిన చేతిదిండు.
ఏడేళ్లు, నాలుగు లక్షల కిలోమీటర్లు.
ఆమె దీపం వంచి మోచేతి చోటు చూసింది.
నిన్ననే బిగించినట్టుంది.
యంత్రం గెలిచింది!
దాన్ని పక్కన పెట్టబోతుంటే
వేళ్లకు తగిలింది, అడుగున,
ముందు అంచు వంగే చోట
నాణెమంత గుంట.
పూత లేదు. కింది నురుగు బయటపడి
నోటి లోపలి బుగ్గలా నున్నగా ఉంది.

ఫోన్ చేసింది.
హబ్తోమ్ అనే మనిషి కాసేపు నవ్వాడు.
"ఆసుపత్రి ముందు చార్జింగు పెడతాను కదమ్మా,
రేడియో నాకు పడదు.
చేతికి ఏదో ఒక పని ఉండాలి."
మళ్లీ తనే అన్నాడు,
"మొదట్లో ఎంత మెత్తగా ఉండేదో!
అరగదీశానని నా మీద డబ్బు వేస్తారా?"

వెయ్యరు, అంది.
ఫోన్ పెట్టేశాక చాలాసేపు
తన బొటనవేలు కుర్చీ అంచు కింద
ఏం చేస్తోందో చూసుకుంది.

అడుగు వైపు పూత మానేసింది వాళ్లే.
కనిపించని చోట వృథా అని,
కారుకు ఇన్ని గ్రాములు మిగులుతాయని
ఆ తీర్మానం కింద ఆమె సంతకమూ ఉంది.
మిగల్చడం మంచిదే,
ఆ మాట ఇప్పటికీ కాదనదు.
అయినా కూర్చుని రాసింది:
అడుగున రెండు వేళ్ల వెడల్పు, దయచేసి మళ్లీ వేయండి.

జవాబు సోమవారం, జర్మనీ నుంచి,
ఒకటే గడి ఖాళీగా ఉంచిన పట్టిక:
ఎన్ని రుద్దుళ్లు తట్టుకోవాలి?

యంత్రం పక్కన ఆగి ఉంది, తల ఎత్తి.
ఆల్ఫ్‌హిల్డ్ ఓ అంకె వేసింది, కొట్టేసింది.
మరో అంకె.
చివరికి ఆ గడిలో
హబ్తోమ్ ఫోన్ నంబరు రాసి పంపి
కాఫీ పెట్టుకోవడానికి లేచింది.