మెట్ల కింద

దాసన్నపేటలో మెట్ల కింద గది.
ఆరడుగులు ఇటు, నాలుగున్నర అటు,
కప్పు మాత్రం మెట్టు మెట్టుకీ దిగుతుంది.
ఎంతటివాడైనా వంగి లోపలికి రావాల్సిందే.
ఇంతకుముందు ఇందులో ఖాళీ గ్యాసు బండలూ
పట్నాయకుని వారి విరిగిన ఉయ్యాల బల్లా ఉండేవి.
బల్ల అక్కడే ఉంచితే అద్దెలో యాభై తగ్గిస్తానన్నాడు.
ఉంచాను. మిక్సరు దాని మీదే.

పదకొండేళ్లు పెళ్లిళ్లకి సౌండు బాక్సులు మోశాను.
ట్రాక్టరు మీద నిలబడి
ఊరి కిటికీలన్నీ దడదడలాడించాను.
ఎడమ చెవిలో ఇప్పటికీ ఒక కీచురాయి కాపురముంటుంది.
చప్పుడు అమ్మి దాచింది పద్నాలుగు వేలు.
దాంతో నిశ్శబ్దం కొనాలి.

గుడ్ల అట్టలు అంటించమన్నారు తెలిసినవాళ్లు.
అంటించాను. వారం రోజులు నీచువాసన.
చీమలు ఆగాయి గానీ
ఏ శబ్దమూ వాటి దగ్గర ఆగలేదు.
పీకేశాను.
నెల్లిమర్ల నుంచి చిరిగిన గోనెలు, కిలో లెక్కన.
పరుపులు కుట్టే సుభానీ దగ్గర పాత దూది,
ఎవరెవరి నిద్రల కింద నలిగిందో అది,
గోనెల్లో కూరి, దబ్బనంతో కుట్టి, గోడకి కొట్టాను.
చప్పట్లు కొట్టి చూసుకున్నాను.
చప్పుడు నా అరచేతులు దాటి పోలేదు.
ఆ రాత్రి సంతోషంతో అన్నం సహించలేదు.

మైకు వేరే ఎవరో వాడి వదిలేసింది.
దాని ముందు ఎంబ్రాయిడరీ చట్రానికి బిగించిన
మా పాప బడి సాక్సు. ఒంటిది, జత పోయింది.

అయినా పైన గ్రైండరు, పక్కన మోటారు,
ఎదురింట్లో పచ్చడి తిరుగుతున్న మిక్సీ.
ఎవరిదో ఫ్రిజ్జు గోడలోంచి మూలుగుతుంది.
నా గోడలకి గోనె కట్టగలను,
వీధికి కట్టలేను కదా.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.
వీధంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. తరవాత తిట్లు.
తిట్లు కూడా ఆగాక తెలిసింది,
నేను బేరమాడుతున్న సరుకు ఇదేనని.
ల్యాప్‌టాప్ బ్యాటరీ నలభై నిమిషాలు.
అప్పట్నుంచీ అందరూ కరెంటు కోసం చూస్తే
నేను కోత కోసం చూస్తాను.
లైన్‌మన్ జగ్గునాయుడికి టీ పోయించి
రేపెప్పుడు తీస్తావని అడిగి పెట్టుకుంటాను.

గరివిడి అవతల్నుంచి తవిటమ్మ పెద్దమ్మ వచ్చింది.
జముకుల కథ చెప్పేది. వంతలిద్దరిలో
ఒకరు పోయారు, ఒకరికి మోకాళ్లు పోయాయి.
బస్సులో కండక్టరు జముక్కి లగేజీ టిక్కెట్టు కొట్టబోతే
అక్కడే వాయించి చూపించిందట.

రెండూ పది. కరెంటు పోయింది.
బటను నొక్కి వేలు ఊపాను.
నాలుగు చరణాలు పాడి ఆగిపోయింది.
"ఏటైంది పెద్దమ్మా?"
"ఏటీ అవనేదు. ఎవులూ ఊఁ కొట్టకపోతే
కతెలగ నడుస్తాదిరా గౌరీసూ?
ఈ గోనిసంచులకి చెప్పమంటావేటి?"

బ్యాటరీలో ముప్ఫై ఒక్క నిమిషాలు.
గొంతుక్కూర్చుని, కప్పుకి తల ఆనించి
ఊఁ అన్నాను.
జముకు తీగ బిగిసింది.
ఊఁ.
అమ్మవారు ఏరు దాటింది.
ఊఁ.
ఫ్యాను లేదు, చెమట కళ్లలోకి దిగుతోంది,
తుడుచుకుంటే చప్పుడవుతుంది.
ఊఁ.

రాత్రి కూర్చుని ఆ ఊఁలు కోసేశాను. నూట పన్నెండు.
విన్నాను. పెద్దమ్మ
తాళం వేసిన ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నట్టుంది.
మళ్లీ ఒక్కొక్కటీ ఏరి తెచ్చి
ఎక్కడివక్కడ పెట్టాను.

ఎనభై మూడోది పెడుతూ ఆగాను.
వెనక్కి తిప్పి, కుడి చెవితో విన్నాను.
అది నా గొంతు కాదు.
పైన మెట్ల మీంచి, దూదిలోంచి, గోనెలోంచి
సన్నగా దిగింది.

ఎవరిదో పొద్దున్న కనుక్కోవాలి.