మడమతో రెండు దెబ్బలు

మా ఇంటి నేల వెదురు బద్దలది.
బద్దకీ బద్దకీ మధ్య వేలు దూరేంత సందు.
ఎంగిలి ఎత్తే పని లేదు,
రాలిన మెతుకు రాలినట్టే కిందికి జారిపోతుంది.
కింద సర్హెంటో నోరు తెరుచుకుని ఉంటాడు.

పద్నాలుగేళ్ళ కుక్క. చెవులు పోయి రెండేళ్ళు.
పేరు పెట్టి అరిస్తే సికిహోర్ దీవంతా వింటుంది గానీ
వాడికి వినపడదు.
అందుకని మడమతో నేలని రెండుసార్లు తడతాం.
కింద, తోక మట్టిని కొట్టిన చప్పుడు.
అదే జవాబు.

పిల్లికి పేరు లేదు.
ఇక్కడ ఏ పిల్లికీ లేదు, అన్నీ మింగ్‌మింగ్‌లే.
ఒక్క కేకకి ఆరిళ్ళ పిల్లులు పరిగెత్తుకొస్తాయి,
మాది తప్ప.

గాలివానకి కరెంటు పోయింది.
మొదటి రోజు ఎవరూ లెక్కచెయ్యలేదు.
రెండో రోజు మధ్యాహ్నానికి ఫ్రిజ్ కింద చిన్న మడుగు,
మడుగులో మింగ్‌మింగ్ నాలుక.
మా ఆయన క్రిసోస్తొమో తలుపు తీసి, తల లోపలికి పెట్టి వాసన చూసి
"ఈ రాత్రికి మనం జమీందార్లం" అన్నాడు,
"రేపట్నుంచి మామూలే."

నాలుగు కిలోల ట్యూనా.
దోసెడు స్క్విడ్లు, వాటి సిరాతో సహా.
జాతరకని దాచిన పంది పక్కటెముకలు.
అడుగున, మంచులో ఇరుక్కుపోయి,
ఒడెస్సా పోయిన వేసవిలో పారేసుకున్న చెంచా.

ట్యూనాకి పొయ్యి అక్కర్లేదు.
పులిసిన కొబ్బరికల్లు పోస్తే
ఎర్రటి కండ కళ్ళముందే తెల్లబడుతుంది.
అల్లం, ఉల్లి, గోళీలంత నిమ్మకాయలు.
జెరిక్ పిండినవి సగం గిన్నెలోకి, సగం చెల్లెలి కంట్లోకి.

పది అడుగుల అవతల నా ఆడబిడ్డ పెర్పెతువా ఇల్లు.
మూడు నెలలుగా మా గుమ్మం తొక్కలేదు.
ఆమె ఎండబెట్టిన చేపలు నలభై
ఒక్క పూటలో సర్హెంటో తినేశాడు.
ఆమె కుక్కని ఒక మాట అంది.
నేను ఆమెని నాలుగు అన్నాను.
అప్పట్నుంచి చర్చిలో తను కుడివైపు, నేను ఎడమవైపు.
క్రిసోస్తొమో మాత్రం మధ్య దారిలో నిలబడి
పైకప్పు వంక చూసేవాడు, చెద పట్టిందేమో అన్నట్టు.

చీకటి పడింది. సీసా మూతి మీద కొవ్వొత్తి నిలబెట్టాను.
మెట్ల దగ్గర ఎవరో ఉన్నారు.
చేతిలో మసిగుడ్డతో పట్టుకున్న గిన్నె.
ఆమె పిలవదు. నేను చూడను.
స్క్విడ్ల సిరా పొయ్యి మీద నల్లగా ఉడుకుతోంది,
కలపాల్సిన అవసరం లేకపోయినా కలుపుతున్నాను.

అప్పుడు వినిపించింది.
కింది మెట్టు మీద మడమతో
రెండు దెబ్బలు.

ఇల్లంతా వెదురే కదా, కొద్దిగా వణికింది.
కింద తోక మట్టిని కొట్టింది,
కొడుతూనే ఉంది.

ఈ గుర్తు మా నలుగురికే తెలుసనుకున్నాను.
మూడు నెలలుగా పొద్దున్నే వాడు ఎక్కడికెళ్ళి
మూతికి నూనె రాసుకొస్తున్నాడో
నేనెప్పుడూ అడగలేదు.

"పైకి రా, చల్లారిపోతుంది" అన్నాను,
ఏది చల్లారుతుందో చెప్పకుండా.

అరిటాకుల మీద తిన్నాం.
ఆమె గిన్నెలో రొయ్యలు, కొబ్బరిపాలలో.
ఆమె ఫ్రిజ్ కూడా మాలాగే ఏడ్చిందట.
పెర్పెతువా ట్యూనా నోట్లో పెట్టుకుని, నమిలి,
"ఉప్పు తక్కువ" అంది.
ఉప్పు డబ్బా ఆమె వైపు తోశాను, గట్టిగానే.
ఒక పక్కటెముక ఆమె వేళ్ళలోంచి జారి
సందులోంచి కిందికి పోయింది.
అది జారింది కాదని అందరం చూశాం.

తొమ్మిదింటికి కరెంటొచ్చింది.
ఖాళీ ఫ్రిజ్ ఒళ్ళు విరుచుకుని గుర్రుమంది.
"అయ్యో" అంది ఒడెస్సా, కొవ్వొత్తి ఆర్పనివ్వలేదు.

ఇప్పుడు అందరూ పడుకున్నారు.
పెర్పెతువా గిన్నె ఇక్కడే వదిలేసి వెళ్ళింది,
మర్చిపోయే మనిషి కాదు.
ఖాళీ గిన్నె తిరిగివ్వడం మర్యాదా కాదు.
ఇంట్లో చేప తోక కూడా మిగల్లేదు.
కంచె పక్కన మునగచెట్టు ఉంది,
పొద్దున్నే లేచి ఆకు దూయాలి.