అట్ట మీది బిడ్డ

సైకిలు హ్యాండిలుకి మందుసంచి,
జేబులో రెండు మొనల సూదులు,
చొక్కాకీ గుండెకీ మధ్య ఒక అట్ట.
అట్ట మీద ఏ దేశపు బిడ్డో,
ముఖమంతా పొక్కులు,
ఏడవడం మానేసిన కళ్ళు.
"ఇట్టాంటి బిడ్డ యాడన్నా కనిపించాడా?"
అదీ నా ఉద్యోగం.

కావలి నుంచి కాలవ గట్టు పట్టుకుని
ఇస్కపల్లి ఉప్పుకొఠార్ల దాకా
అడిగిన వాళ్ళనే అడిగాను.
టీకొట్లో అడిగాను, రేవులో పడవ నిలిపి అడిగాను.
బళ్ళో పిల్లలు నన్ను చూడగానే
చేతులు వీపు వెనక దాచుకునేవాళ్ళు.
గోడల మీద నీలిమందుతో నేనే రాశాను,
పెద్దమ్మవారి జాడ చెప్పినవారికి వెయ్యి రూపాయలని.
ఆ వెయ్యి కోసం ఒకడు
మేనల్లుణ్ణి భుజానేసుకుని ఆరు మైళ్ళు నడిచొచ్చాడు.
గజ్జి అన్నాను.
మళ్ళీ చూడమన్నాడు. బాగా చూడమన్నాడు.

మా నాయనా టీకాలాయనే. ఆయన కాలంలో
దూడ పొట్ట మీద పండించిన మందు
తడిగుడ్డ చుట్టిన కుండలో, రాత్రిపూట పడవలో వచ్చేది.
ఎండెక్కితే చచ్చిపోయేది.
ఆ తిరుగుడు సూది చర్మంలో దించి తిప్పితే
వల లాగే మగాళ్ళే కేక పెట్టేవాళ్ళంట.
ఆయన పడవ మలుపు తిరిగిందంటే
పాలెంలో పిల్లలుండేవాళ్ళు కాదు.

ఆ మధ్యాహ్నం రోహిణికార్తె ఎండ
ఉప్పు మీద పడి కళ్ళలోకి ఎగురుతోంది.
చెంగమ్మ పార పక్కన పెట్టి
అట్టని రెండు చేతుల్తో తీసుకుంది.
చాలాసేపు చూసింది.
"కనిపించాడు," అంది.

ఒళ్ళు జలదరించింది. పెన్సిలు తీశాను.
ఏ ఇల్లు? జరం వచ్చి ఎన్నాళ్ళు?

"ముప్పై ఏళ్ళు."

పెన్సిలు ఆగింది.

"పోలయ్య. దయ చూస్తదని
పోలేరమ్మ పేరే పెట్టినాం.
టీకాలాయన వచ్చిన పూట మా అత్త
ఉప్పుబుట్ట బోర్లించి కింద దాచింది.
ఆయన ఆ బుట్ట పక్కనే కూచోని
చెంబుడు నీళ్ళు తాగి పోయినాడు.
బిడ్డ దగ్గు కూడా దగ్గలా.
చెప్పిన మాట ఇనే బిడ్డ."

ఆ వచ్చినాయన ఎట్టా ఉంటాడని
నేను అడగలేదు.

ఉప్పు కోసిన బొటనవేలితో
పొక్కుల్ని ఒకటొకటే మూసి చూసింది.
"ముక్కు మావాడిదే.
మాకు పటాలు యాడియి నాయనా,
ఈణ్ణి నాకిచ్చి పో."

సర్కారు అట్ట అన్నాను.
నంబరుంది, సంతకం పెట్టి తీసుకున్నానన్నాను.
బదులు చెప్పకుండా
నాలుగు ఎండు సావిడాయలు తాటాకులో చుట్టి
నా సంచిలో పెట్టింది.

ఆ రాత్రి రిజిస్టరులో రాశాను:
ఇళ్ళు నూట పన్నెండు. కేసులు సున్నా.
అట్ట కాలవలో పడిపోయినది.
జీతంలో రూపాయి పావలా కోసుకున్నారు.

రెండేళ్ళకి, అమ్మవారు దేశం విడిచిందన్నారు.
సూదులు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు.
నన్ను మలేరియాలో వేశారు.
గాజుబిళ్ళలు పట్టుకుని
మళ్ళీ అదే గట్టు, అదే సైకిలు.

చెంగమ్మ గుడిసెలో నిట్టాడి మేకుకి
వేలాడుతోంది అట్ట.
ఏ దేశపు బిడ్డో, నుదుట కుంకం,
కింద కొబ్బరిచిప్పలో బెల్లంముక్క. చీమలు పట్టాయి.
వేలు చాపి, నెత్తురుచుక్క ఇస్తూ అడిగింది,
"ఇప్పుడెవుర్ని ఎతకతుండావయ్యా?"

దోమల్ని, అన్నాను.

"కనిపిస్తే చెప్తాలే," అంది.