తడి బంతి

కుషిరోలో జూన్ అంటే ఎండ కాదు,
సముద్రం మీంచి నడిచొచ్చే పొగమంచు.
తెల్లారి ఐదింటికి మా ఆట.
ఏడున్నరకల్లా నేను మంగలి షాపు తలుపు తీయాలి,
కువాబారా పోస్టు సంచీ ఎత్తుకోవాలి.
ఇసోబె అప్పటికే సగం రోజు బతికేసి వచ్చేవాడు.
రెండింటికి లేచి, సోయా రుబ్బి,
టోఫు పలకలు చన్నీళ్ళలోకి దించి,
నాని తెల్లబడ్డ వేళ్ళతో,
గ్లవ్ లోపల కూడా ఉడికిన గింజల వాసనతో.

చేతకానివాణ్ణి రైట్ ఫీల్డ్‌లో నిలబెడతారు.
ఆ సంగతి వాడికీ తెలుసు.
"అక్కడైతే కునుకు తీయొచ్చు" అనేవాడు.

సెకండ్ బేస్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూస్తే
నాకు రైట్ ఫీల్డ్ ఉండేది కాదు.
మంచు ఉండేది. మంచులోంచి ఒక గొంతు:
"ఓరాయ్!"
బంతి నాది, నేను పడతాను, తప్పుకోండి అని.
పదింట ఆరుసార్లు పట్టేవాడు కాదు.
గొంతు మాత్రం ఒక్కసారీ జారలేదు.

ఆ ఏడు రైల్వే వాళ్ళతో.
ఆఖరి ఇన్నింగ్స్, రెండు ఔట్లు,
మాది ఒకే ఒక్క పరుగు పైచేయి,
బేస్‌ల మీద వాళ్ళ మనుషులిద్దరు.
బంతి లేచింది.
లేచి, లేకుండా పోయింది.
"ఓరాయ్!"
తర్వాత ఏమీ వినపడలేదు.
రేవులో ఓడ కూత ఒకటి, పొడుగ్గా.
రైల్వే వాళ్ళు పరిగెడుతూనే ఉన్నారు,
మా పిచ్చర్ నోరు తెరుచుకునే ఉంది.
అప్పుడొచ్చాడు ఇసోబె,
అప్పడగడానికి వచ్చినవాడిలా మెల్లగా,
గ్లవ్ పైకెత్తి.
అంపైర్ మా ఊరి పళ్ళ డాక్టరు,
కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని,
ఔటన్నాడు.

బంతి నాకు విసిరాడు.
మాది రబ్బరు బంతి, కుట్లుండవు,
కుట్లలాంటి గీత అచ్చుపోసి ఉంటుంది.
ఆ గీతలో ఒక పచ్చి గడ్డిపరక.

ప్యాంటుకి తుడిచి అంపైర్ చేతికిచ్చాను.
నేను తుడవడం ఇసోబె చూశాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు.
నెలకోసారి నా కుర్చీలో కూర్చునేవాడు,
క్షవరం డబ్బులిచ్చాక
ఒక టోఫు పలక అద్దం ముందు పెట్టి పోయేవాడు.
ఎందుకని నేనడగలేదు.
ధరలు, మోకాళ్ళు, కూతురి స్కూటరు,
అన్నీ మాట్లాడుకున్నాం.

మొన్న జనవరిలో ఆసుపత్రికి కత్తి పట్టుకెళ్ళాను.
నురగ రాసి, గొంతు మీద కత్తి ఆనించి,
"ఇప్పుడు చెప్పు. పట్టావా, ఏరుకున్నావా?" అన్నాను.
వాడు నవ్వబోయాడు. కదలకన్నాను.
కొంతసేపు పైకప్పుకేసి చూసి,
"నువ్వెందుకు తుడిచావు?" అన్నాడు.

నురగ చల్లారిపోయింది.
మిగతా చెంప గీసి, తువ్వాలు మడిచి, వచ్చేశాను.

ఇప్పుడక్కడ కొత్త కుర్రాళ్ళు ఆడుతున్నారు.
రైట్ ఫీల్డ్‌లో ఒక పొడుగాటివాడు,
ప్రతి బంతీ పడతాడు, నోరు మెదపడు.
నాకు నచ్చలేదు.

జవాబు దొరికింది, ఇసోబె.
షాపు తెరవడానికింకా టైముంది,
సెకండ్ బేస్ అవతల నిలబడే ఉన్నాను.
నువ్వున్న వైపు మంచు బాగా ఉంది.
ఒక్క కేకెయ్.